బరిలోకి దిగని జట్టు

ఎనభై రెండులో నంద్యాలలో ఆడపిల్లల కబడ్డీ ఫైనలు. సగం ఆట అయ్యేసరికి ఆళ్ళగడ్డ జట్టు వెనకబడింది. కూతకు పోయిన ప్రతిసారీ దొరికిపోయిన సత్యభామను డ్రిల్లు మాస్టరు వరదరాజులు పక్కన కూచోబెట్టినాడు.

విజిల్ వేసినా మిగతా పిల్లలెవరూ బరిలోకి దిగలేదు. అందరూ వచ్చి సత్యభామ పక్కనే చతికిలబడినారు.

"ఏందమ్మా ఇది? కప్పు పోతాది, లేయండి!"

"పోతే పోనీ సార్. సత్య లేకుంటే మేం ఆడం."

మగపిల్లలైతే ఒకణ్ణి తీసేసినా మిగతావాళ్ళు ఉరుక్కుంటా పోయి ఆడతారు. ఆడపిల్లల తీరే వేరని మాస్టరు తల పట్టుకున్నాడు. దారి లేక సత్యభామను మళ్ళీ దింపినాడు.

ఈసారి ఆమె కూతకు పోతాంటే జట్టంతా గొంతులు చించుకున్నారు. ఒక్క పాయింటుతో గెలిచినారు.

మరుసటి రోజు బడిలో మాస్టరు మగపిల్లల జట్టును పిలిచి ఇదంతా చెప్పినాడు. "జట్టంటే అట్లుండాల. మీలో ఒకని మీద ఒకనికి ఆ ప్రేమ యాడుందిరా?"

కెప్టెన్ తల గోక్కున్నాడు.

"పోయినేడు మీరు నన్ను తీసేసినప్పుడు వీళ్ళూ అట్లే కూచున్నారు సార్. మీరు బెత్తం తీస్తిరి. బిరబిరా లేసి ఉరికినారు."