డ్రిల్లు మాస్టారి ఈల

ఈల మోగింది. ఏడుగురు పిల్లలు నేల మీద బోర్లా పడ్డారు.

మిగతా ముప్ఫై మందీ వరుసలో నిలబడి చూస్తున్నారు. పడ్డవాళ్లందరిదీ ఒకటే తీరు. ఎడమ చెంప నేలకి ఆనించి, వేళ్లు మెడ వెనక పెనవేసి, మడమ మీద మడమ వేసి కదలకుండా ఉన్నారు. డ్రిల్లు మాస్టారు చేతిగడియారం చూసుకున్నాడు.

"ఐదు సెకన్లు. పిచ్చుకా, నువ్వే ఆలస్యం."

పిచ్చుకకి ఎనిమిదేళ్లు. ఏ చిన్న చప్పుడైనా ఎగిరిపోయేలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. యుద్ధం నుంచి తప్పించుకుని అమ్మమ్మ చెయ్యి పట్టుకుని సరిహద్దు దాటి వచ్చింది. మిగతా ఆరుగురూ అలా వచ్చినవాళ్లే.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న క్లాసు టీచరుకు ఒళ్లు మండిపోయింది.

ఈ ఏడుగురి కోసమే ఆమె సెలవులు మానుకుని, బెదిరిన పిల్లలతో ఎలా మెలగాలో నేర్పే శిక్షణకు వెళ్లొచ్చింది. క్లాసు తలుపు ఎప్పుడూ వేయదు. డస్టరు బల్ల మీద కొట్టదు. ఎవరైనా బెదిరి బల్ల కింద దూరితే ముట్టుకోదు, ఎందుకని అడగదు. మూరెడు దూరంలో కింద కూర్చుని మెల్లగా చెబుతుంది: "ఇవాళ సోమవారం. ఇది బడి. తలుపు తీసే ఉంది." ఆ బిడ్డ బయటికి వచ్చేదాకా అదే మాట. మూడు నెలలకి పిచ్చుక బల్ల కింద కాకుండా బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ కష్టాన్నంతా ఈ మహానుభావుడు ఒక్క ఈలతో మట్టిపాలు చేస్తున్నాడు.

మర్యాదగానే అడిగి చూసింది. ఈల బదులు చప్పట్లు కొట్టమంది. ఒక్కరోజు శిక్షణకు రమ్మంది. స్టాఫ్ రూములో ఎప్పటిలాగే గోడకి వీపు ఆనించి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, మెడలోని ఈలని గుప్పిట్లో పట్టుకుని విన్నాడాయన. అన్నం తినేటప్పుడు కూడా దాన్ని తీయడు. ఇంకొకరి చేతికి ఇవ్వడు.

"పిల్లలు బాగా పడుకుంటున్నారు టీచరుగారూ. ఇంకాస్త త్వరగా పడాలి. మూడు సెకన్లలో పడితే చాలు" అన్నాడు.

ఇంత వెటకారమా? ఆమె విసవిసా బయటికి వచ్చేసింది.

ఆ తర్వాత రెండు రోజులు పిచ్చుక బడికి రాలేదు. టీచరు ఇంటికి వెళితే అమ్మమ్మ తలుపు సగమే తీసింది.

"అక్కడ సైనికులు ఈల వేసి వచ్చేవాళ్లమ్మా. బోర్లా పడుకున్నవాళ్లని వదిలేసేవాళ్లు. నిలబడి ఉన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. నా చిన్నప్పుడూ ఇంతే. అలా పడుకోవడం అక్కడ పుట్టినవాళ్లకే వచ్చు. మీ బడిలోనూ ఈలే అయితే పిల్లని పంపను. చదువు లేకపోతే పోయె, రాత్రిళ్లు నిద్రన్నా పోతుంది."

పెద్ద మేడంతో చెబితే, ఆయన పాతికేళ్ల సర్వీసు ఉన్న మనిషి, మీరే సర్దుకుపోండి అంది.

టీచరు సర్దుకుపోలేదు. పళ్లు కొరుక్కుంటూ దుకాణానికి వెళ్లి అచ్చం అలాంటి ఈలే కొంది. ఆటల పోటీల రోజు తల్లిదండ్రులందరి ముందు, ఆయన వెనక నిలబడి చెవులు పగిలేలా ఊదాలి. ఆయన గుండె జారిపోవాలి. ఎగిరి గంతెయ్యాలి. గ్రౌండంతా పగలబడి నవ్వాలి. అప్పుడు అడగాలి, ఎలా ఉంది మాస్టారూ అని. ఆ దృశ్యం తలుచుకుంటేనే ఆమె కడుపు చల్లబడింది. వారం రోజులు ఆయన ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం పెట్టి నవ్వింది. అంత తియ్యటి నవ్వు సొంత మొగుడి వైపు కూడా ఎన్నడూ నవ్వి ఉండదు.

పిల్లల విషయంలో మాత్రం నేర్చుకున్నది మరవలేదు. ఏ చప్పుడైనా ముందే తెలిస్తే భయం సగమవుతుంది. పిచ్చుకని బతిమాలి రప్పించి, ఏడుగురినీ కూర్చోబెట్టి ఈల చూపించింది. ఒక్కొక్కరి చేతా ఊదించింది. పిచ్చుక మూడో రోజుకి గాని ఊదలేదు. ఊదాక సాయంత్రందాకా తిరిగి ఇవ్వలేదు.

"శుక్రవారం పదింటికి నేనే ఊదుతాను. ఒక్కసారే. ఎవరూ పడుకోనక్కర్లేదు" అంది టీచరు. అమ్మమ్మకీ చెప్పింది. డ్రిల్లు మాస్టారికి తప్ప చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పింది.

శుక్రవారం గ్రౌండు నిండా జనం. మాస్టారు మధ్యలో వంగి పరుగుపందేనికి సున్నంతో గీతలు గీస్తున్నాడు. టీచరు చప్పుడు కాకుండా ఆయన వెనక్కి చేరింది. పది అయింది. ఇన్నాళ్ల కసినంతా గుండెల నిండా పీల్చుకుని ఊదింది.

ఏడుగురు పిల్లలూ నిలబడే ఉన్నారు. జనం నవ్వబోయి ఆగిపోయారు. మూడు సెకన్లు కూడా పట్టలేదు.

ఎడమ చెంప సున్నపు గీతకి ఆనించి, వేళ్లు మెడ వెనక పెనవేసి, మడమ మీద మడమ వేసి డ్రిల్లు మాస్టారు బోర్లా పడి ఉంటే, పిచ్చుక పరుగున వచ్చి ఆయనకి మూరెడు దూరంలో కింద కూర్చుని మెల్లగా చెబుతోంది: "ఇవాళ శుక్రవారం సార్, ఇది బడి, గేటు తీసే ఉంది."