సగం బిస్కెట్

ఆగండాగండి! చేతిలో ఏ పనున్నా ఒక్క ఐదు నిమిషాలు పక్కన పెట్టి ఇది వినండి.

"ఇయాల అమ్ము రానేదు తల్లీ!" అంది అప్పయమ్మ, క్రెష్ గేటుకి అడ్డంగా నిలబడి.

జెన్నీ నవ్వేసింది. పొద్దున జలుబు సిరప్ తాగించి పంపిన మూడేళ్ళ కూతురు అమ్ముని డాక్టరుకి చూపించాలని, డ్యూటీలో పర్మిషన్ అడిగి పన్నెండింటికే వచ్చింది తను.

"మజాక్ చాలత్తా, పంపించు దాన్ని. రిసాలిలో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కించింది నేనే కదా."

"మజాకేటి? నా గేటు దాటి లోపలికి రానేదంటే రానేదు."

జెన్నీ నవ్వు మాయమైంది. గేటు పక్కనే ఆటోకి ఆనుకుని టీ తాగుతున్న చిన్నారావు వైపు తిరిగింది. రోజూ ఎనిమిది మంది పిల్లల్ని తెచ్చి దింపేది అతనే.

"భయ్యా, అమ్ము ఏదీ?"

"అదేటమ్మా అలాగడుగుతావు! తొమ్మిదిన్నరకే అందర్నీ దింపేసినాను. ముందీ ముసల్దానికి కళ్ళజోడు కొనిపెట్టండి."

ఈ గోలకి లోపల్నుంచి కృష్ణప్రియ పరిగెత్తుకొచ్చింది. పిల్లలు ఏం ఆడారు, ఏం తిన్నారు, ఎవరితో పోట్లాడారు, అన్నీ గమనించి రాసే టీచరు ఆ అమ్మాయే. శనివారం ఇన్‌స్పెక్షన్ అని వారం రోజులుగా రిజిస్టరు చంకలోంచి దించడం లేదు.

"అరే, టెన్షన్ ఎందుకు దీదీ! అమ్ము వచ్చింది." గబగబా పేజీ తీసి చదివింది. "ఇదిగో, గురువారం. తొమ్మిదిన్నరకి నవ్వుతూ వచ్చింది. పదిన్నరకి తన బిస్కెట్‌లో సగం ఇమ్మానుకి ఇచ్చింది. పదకొండుకి దిమ్మలు పేర్చి ఆడుకుంది. సబ్ లిఖా హై, అన్నీ రాసే ఉన్నాయి!"

"మరిప్పుడేదీ?"

కృష్ణప్రియ లోపలికెళ్ళి వెతికింది. గదులు, బాత్రూమ్, ఉయ్యాల వెనకాల. బయటికొచ్చేసరికి మొహం పాలిపోయింది. అమ్ము లేదు.

అందరి చూపులూ అప్పయమ్మ మీద పడ్డాయి. వచ్చిన పిల్ల లోపల లేదంటే గేటు దాటిందన్నమాటే. ఆ గేటు అప్పయమ్మది.

"గేటు వదిలేసి ఎక్కడికి పోయావు నానీ?" అమ్మమ్మ వయసు మనిషిని నిలదీసింది కృష్ణప్రియ.

"ఎక్కడికీ పోనేదు! ఆ పిల్ల ఒచ్చీరాగానే నా కొంగట్టుకు లాగి సెప్పులిప్పమంటది. ఇయాల లాగనేదు."

"అంటే నేను రాసింది అబద్ధమా?"

"నాకు సదువు రాదమ్మా. నా కొంగుకి తెలుసు."

"సూడండి సూడండి," అన్నాడు చిన్నారావు, "అచ్చరం ముక్క రాదు, రిజిస్టర్నే కాదంటది!"

అప్పుడే క్రెష్ గోడ వెనకనుంచి కూత వినపడింది. స్టీల్ ప్లాంటుకి బొగ్గు మోసుకెళ్ళే గూడ్సు. జెన్నీ "పట్టాలు!" అని కేక పెట్టి పరుగందుకుంది. ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది. గ్లాసు విసిరేసి చిన్నారావు ఆమె వెనకే పరిగెత్తాడు.

"ఆ పిల్లకేమైనా అయితే పోలీసులకి నువ్వే చెప్పుకోవాలి," అంది కృష్ణప్రియ. "రేపట్నుంచి నువ్వు రావద్దు."

అప్పయమ్మ ఆ అమ్మాయి చేతిలో తెరిచి ఉన్న పేజీ వైపు చూసింది. నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత కూడా లేదు. అంత అందంగా రాసింది తప్పవుతుందా? పన్నెండేళ్ళుగా ఈ గేటు కాస్తోంది. తన కళ్ళని తనే అనుమానించడం ఇదే మొదటిసారి.

"సలికి... సలికి నానే కునుకు తీసినానేమో తల్లీ," అంది మెల్లిగా. తాళంచెవి తీసి కృష్ణప్రియ చేతిలో పెట్టి గేటు బయటికొచ్చేసింది.

గూడ్సు ఇంకోసారి కూసింది. ఈసారి చెవులు చిల్లులు పడేలా. ఆ కూతకి ఎక్కడో దగ్గర్లోనే చిన్న ఏడుపు మొదలైంది.

అప్పయమ్మ ఆగింది. ఆటో వైపు చూసింది. చలిగాలికని రెండువైపులా పరదాలు దించేసి ఉన్నాయి. ఒక్క ఉదుటున పరదా ఎత్తింది. వెనక సీటు అవతల, బ్యాగులు పడేసే సందులో, శాలువా కింద మంకీ క్యాపు కదిలింది.

"ఓలమ్మో! ఒచ్చేయండే! బంగారం ఇక్కడే ఉందే!"

జెన్నీ ఎలా వచ్చిందో, ఆటోలోకి ఎలా దూరిందో ఎవరూ చూడలేదు. కూతుర్ని గుండెలకి అదుముకుని ఒకటే ఏడుపు. అమ్ము మాత్రం కళ్ళు నులుముకుంటూ అటూ ఇటూ చూసింది.

"మమ్మీ, స్కూల్ ఆ గయా? వచ్చేసిందా? నేనింకా దిగలేదు."

చిన్నారావు అక్కడే నేలమీద కూలబడ్డాడు. పొద్దున్నుంచీ ఆనుకుని టీలు తాగింది ఆ ఆటోకే.

జెన్నీ కూతురి చేతిలోకి చూసింది. బిస్కెట్ ప్యాకెట్. ఇంకా చింపనే లేదు. తలెత్తి కృష్ణప్రియ వైపు చూసింది. ఆ అమ్మాయి రిజిస్టర్ని గుండెలకి గట్టిగా హత్తుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"ఇటివ్వు."

"దీదీ, ప్లీజ్..."

జెన్నీ లాక్కుంది. ఆ లాగుడులో పేజీ తిరగబడింది. చదువు రాని అప్పయమ్మకి కూడా వినపడేలా, ఒక్కో మాటా పైకి చదివింది.

"శుక్రవారం. తొమ్మిదిన్నరకి అమ్ము నవ్వుతూ వచ్చింది. పదిన్నరకి తన బిస్కెట్‌లో సగం ఇమ్మానుకి ఇచ్చింది."

శుక్రవారమంటే రేపు. మీరైతే, రేపు తొమ్మిదిన్నరకి అమ్ముని పంపుతారా?