గుమ్మం దగ్గర మర్యాద

సాయంత్రం ప్రార్థన ముగించి తలుపు తీసేసరికి తమ్ముడు బయట నిలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. నోరు తెరిస్తే కోరలు.

"రక్తపిశాచినైపోయానక్కా. పిలవందే ఏ ఇంట్లోనూ అడుగు పెట్టలేను. ఒక్కసారి రమ్మను."

"నాన్న కట్టిన ఇంట్లోకి నీకు పిలుపేమిట్రా, చుట్టానివా? నేను పిలవను."

"గుమ్మం నన్ను నెట్టేస్తే? ఇక నాకు ఇల్లే లేనట్టు కదక్కా!"

"నెట్టేస్తే అప్పుడు చూద్దాం. ముందు ఆ చెప్పులు విప్పు."

వాడు కళ్ళు మూసుకుని కాలు పెట్టాడు. ఏమీ కాలేదు. చిన్నప్పటిలాగే గడపకు బొటనవేలు కొట్టుకుని "అబ్బా" అన్నాడు. కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"బావకి మాత్రం చెప్పకు. అసలే మెత్తటి మనిషి, హడలి చస్తాడు."

అంతలో మా ఆయన, వాన లేకపోయినా వేసుకునే గొడుగు ముడుస్తూ వచ్చి, తెరిచి ఉన్న తలుపు ముందు ఆగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మర్యాద ఒక్కపూట తప్పలేదు. అల్లుడంటే ఇలా ఉండాలని నాన్న మురిసిపోయేవారు.

"రండి," అన్నాను.

అప్పుడు లోపలికొచ్చారు. తమ్ముడి కోరలు చూసి, నవ్వి, తనవీ చూపించారు.

"నీకేమోయ్, ఇంటి కొడుకువి. నేనింకా అల్లుణ్ణే!"