కళ్ళు లేని చేపలు

“ఆ ఓవెన్ తలుపు తియ్యమ్మా,” అన్నారు లక్ష్మీనరసింహం గారు, గుమ్మం అవతలే నిలబడి. “వాసన మేడ మీదికొస్తోంది.”

రెబ్కా గబగబా ఓవెన్ దగ్గరికి నడిచింది. ఇంట్లో చేప వండకూడదన్న షరతు మీదే, గుళ్ళో పూజారి అయిన ఈ పంతులుగారు ఆమెకు కింద గది అద్దెకిచ్చారు. దర్శిలో ఎక్కడ గది అడిగినా ముందు ఏం తింటారనే అడిగారు.

“ఓవెన్‌లో కాల్చే బొమ్మల మట్టితో చేసిన చేపలండీ. వాడరేవు బీచిలో బొమ్మల కొట్టుకి చేసిస్తున్నాను.”

“చేపని కాల్చి మట్టంటే నమ్మమంటావా?”

తలుపు తీసింది. రేకు మీద ఇంకా రంగు పడని చేపలు అచ్చం నిజంవాటిలాగే ఉన్నాయి. ఆయన ఓ అడుగు వెనక్కి వేశారు.

బల్ల మీద నుంచి నీలం, పసుపు చారలు వేసిన చేపను తీసి ఆమె ఆయనకిచ్చింది. ఉత్తరీయం అంచుతో పట్టుకుని గోటితో కొట్టి చూశారు. టక్కుమంది.

“మరి కళ్ళేవి?”

“అన్నీ అయ్యాక పెడతానండి. అప్పుడే చెయ్యి వణుకుతుంది. నన్నే చూస్తున్నట్టుంటుంది.”

ఆయన చేపను తిరిగిచ్చి మేడెక్కారు. పైన పెట్టె తెరిచిన చప్పుడు. భార్యతో ఏదో అంటున్నారు. ఇద్దరూ కలిసి ఖాళీ చెయ్యమంటారనుకుని రెబ్కా రంగు సీసాలు సర్దసాగింది.

ఆయన ఒక్కరే దిగొచ్చారు. గుమ్మం దాటి లోపలికొచ్చి, చేతిలోని చిన్న అద్దాన్ని చేప ముందు నిలబెట్టారు.

“విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు మేమూ ఇలాగే పెడతాం. మొదటి చూపు మనిషి మీద పడకూడదని. ఇక పెట్టమ్మా, చెయ్యి వణకదు.”