ఎనిమిదడుగులు

పొద్దుగాల్నే పొలం కాడికొచ్చిన దేవేందర్‌కు హద్దురాయి కాడ ఒక ముసలాయన కనవడ్డడు.

లుంగీ ఎగ్గట్టి, గడ్డపారతోని రాయి చుట్టు తవ్వుతున్నడు.

దేవేందర్ కడుపు భగ్గుమన్నది.

మండదా మరి? చందుర్తిల తన నాయిన మొండయ్య కల్లుగీసిన తాటిచెట్ల నడుమ నాలుగు కుటీరాలు కట్టిండు. వేములవాడ గుడికొచ్చి లాడ్జి దొరకనోళ్లు, పట్నం నుంచి రెండొద్దులు ఉండిపోదామని వచ్చేటోళ్లు దిగుతరని ఆశ. తను, పెండ్లాం రాధిక రెండేండ్లు ఆడనే చెమటోడ్చిన్రు.

అంతా అయినంక ఆఫీసోళ్లు వచ్చి టేపు పెట్టి కొలిచిన్రు.

"గిసొంటియి నడపాలంటె ముప్పై అడుగుల తొవ్వ ఉండాలె. నీకు ఇరవై రెండే ఉన్నది."

తక్కువైన ఎనిమిదడుగులు పక్క పొలంల ఉన్నయి. ఆ పొలం కోరుట్ల నిజాముద్దీన్ నిరుడే కొన్నడు. దేవేందర్‌కు ఆయన మొఖం ఎర్కలేదు. ఊరి జలపతితోని రెండుసార్లు కబురు పంపిండు. ఉలుకు లేదు, పలుకు లేదు.

ఇయ్యకపోతె ఇయ్యకపాయె, ఉన్న తొవ్వ గుడ గుంజుకుంటడా?

"ఏం జేస్తున్నవ్?" అని మీదికి పోయిండు.

ముసలాయన నడుము పట్టుకొని లేచిండు. "రాయి జరుపుతున్న బేటా."

"ఎవలు జరపమన్నరు? నిజాముద్దీనా?"

ముసలాయన ముసిముసిగ నవ్విండు. "ఆయన మాటనే."

"జీతగానివి, నిన్నేమంటం గని మీ సేటుకు చెప్పు. పోయేటప్పుడు ఎవలికైనా ఆరడుగులే. ఎనిమిదడుగులిస్తె పానం పోతదా అని అడిగిండని చెప్పు."

ముసలాయన మొఖంల నవ్వు పోయింది. "జర నా మాట ఇను బేటా..."

"నీతోని నాకేం మాట? నడువు."

దేవేందర్ గడ్డపార గుంజుకొని అవతల పారేసిండు. తవ్విన మట్టిని మళ్ల రాయి చుట్టు పోసి గట్టిగ తొక్కిండు.

ముసలాయన గడ్డపార ఏరుకొని, దాన్నే ఊతకర్ర లెక్క పట్టుకొని బస్సు దిక్కు పోయిండు.

"పెద్దమనిషిని గట్లంటవా? మంచినీళ్లన్న ఇయ్యకపోతివి," అన్నది కుటీరం కాడికెల్లి అంతా చూసిన రాధిక.

"హద్దు జరిపే దొంగకు నీళ్లా?"

పదిహేనొద్దులకు నోటీసొచ్చింది. నెల లోపల తొవ్వ చూపియ్యకపోతె కుటీరాలకు తాళమే.

అక్కెర మనదాయె, రోషం పనికొస్తదా? దేవేందర్ కోరుట్ల బస్సెక్కిండు.

తలుపు తీసింది నిజాముద్దీన్ బిడ్డ తరన్నుమ్. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బి ఉన్నయి.

"అబ్బా లేడన్న. పోయి ఆరొద్దులాయె. గుండె ఆగింది."

దేవేందర్ దండం పెట్టి ఎనుకకు తిరిగిండు.

"నువ్వు చందుర్తి దేవేందరన్నవా?" అన్నది ఆమెనే. లోపలికి పోయి స్టాంపు కాయితం తెచ్చింది. "గిది నీకే. పానం బాగలేక మంచాన పడె, మంచిగైనంక తనే తెచ్చిస్తనన్నడు."

పక్క పొలంల ఎనిమిదడుగులు తొవ్వకు ఇస్తున్నట్టు రాసుంది. కింద నిజాముద్దీన్ సంతకం. తారీఖు చూసిండు. రాయి కాడ లొల్లి అయిన తెల్లారి.

"పోయేటప్పుడు ఎవలికైనా ఆరడుగులే బిడ్డా అనుకుంట రాపిచ్చిండు," అన్నది తరన్నుమ్. "రిజిస్ట్రీకి నేనొచ్చి సంతకం పెడత. నువ్వు రంది పడకు."

దేవేందర్‌కు దుఃఖం ఆగలేదు. గసొంటి మనిషిని ఎన్ని మాటలన్నడు. ఆ ముసలాయన ఉన్నదున్నట్టు సేటుకు చెప్పినట్టుంది.

"మీ జీతగాడు ఏడుంటడమ్మా? పాపం, ఆయన్ని రాయి కాడ నానా మాటలన్న. కాళ్లు మొక్కి చెప్పుకుంట."

తరన్నుమ్ ఆయన దిక్కు సమజ్ కానట్టు చూసింది.

"మాకు జీతగాడెవలు లేరన్న. కాయితం కన్నా ముందు రాయి జరగాలె, గప్పుడే ఇచ్చినట్టు అని, దాన్ని మా పొలంలకు ఎనిమిదడుగులు జరుపుకొస్తనని గడ్డపార పట్టుకొని బస్సెక్కింది మా అబ్బానే."