గిరి గెలిచిన ఆదివారం

చెన్నై క్లబ్బు బైకు రేసులో, చివరి మలుపు దగ్గర గిరి తన స్నేహితుడు భరణిని దాటేసి గెలిచాడు. ఇన్నేళ్లలో అతణ్ణి దాటడం అదే మొదటిసారి.

జనం ఈలలు వేశారు. ఎవరో మెడలో పతకం వేశారు. నవ్వాలి కాబట్టి గిరి నవ్వాడు. లోపల సంతోషం కోసం వెతుక్కున్నాడు. ఏమీ తగల్లేదు.

భరణి హెల్మెట్ తీసి దగ్గరికొచ్చాడు.

"ఆడ, ఆ మలుపులో, నువ్వు బ్రేకే పట్టలేదు గదరా?"

"లేదు."

"పడుంటే?"

"పడితే పడనీలే అనిపించింది." గిరి మామూలుగానే చెప్పాడు.

"ఎన్నాళ్ల నుంచిరా ఇట్టా ఉండావు?"

గిరి ఇంటికెళ్లే బండి తాళం జేబులోంచి తీశాడు. భరణి అతని చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"వాషర్‌మెన్‌పేటలో మీ ఇంటికి రేపు పోదువులే. ఈపొద్దు మా ఇంట్లో పండుకో. రా, నా ఎనకాల కూర్చో. గట్టిగా పట్టుకో."