అతికించని గుర్రం

వడ్రంగికి దేవుడి తర్వాత జిగురంటేనే నమ్మకం.

కుర్చీ కాలైనా, అద్దం చట్రమైనా, జిగురు పూసి బిగించనిదే అతని లెక్కలో పని పూర్తయినట్టు కాదు. చుట్టల పెట్టెతో గిటారు చేసినప్పుడూ అదే పని చేశాడు.

తీగల్ని పెట్టె మీద ఎత్తి పట్టే చిన్న చెక్కముక్కను కొందరు బ్రిడ్జి అంటారు, కొందరు గుర్రం అంటారు. దాన్ని అతికించి, ఆరేదాకా పైన ఇటుక పెట్టాడు.

గుర్రం కదల్లేదు. శ్రుతీ కుదరలేదు. ఏ మెట్టు మీద నొక్కినా తీగ మేకలా అరిచింది.

గిటారు అన్న కోసం. అన్న ఒకప్పుడు పగలు ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు నడిపేవాడు, సాయంత్రాలు గిటారు వాయించేవాడు. ఆ ప్రెస్సే అతని ఎడమచేతి చివరి రెండు వేళ్లు తీసుకుంది. అప్పటినుంచి దుకాణం వెనక గదిలోనే ఉంటున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లకు మొహం చూపించడు.

మూడు తీగల గిటారైతే మిగిలిన వేళ్లు చాలునని తమ్ముడి ఆశ. ఇదీ సరిగ్గా పలకకపోతే అన్న ఇంకెప్పుడూ గిటారు ముట్టడని భయం కూడా ఉంది.

"లోపలికి రావచ్చాండీ?"

గుమ్మంలో కోటు వేసుకున్న ఒకాయన నిలబడ్డాడు. భుజాన సంచి. ఎడమచెయ్యి కోటు జేబులో.

"కుర్చీ కావాలా, మంచం కావాలా?" అన్నాడు వడ్రంగి తల ఎత్తకుండా.

"ఏమీ వద్దండి. ఊరికే చూసిపోదామని."

బస్సుకి టైముండి వచ్చాడు కాబోలనుకున్నాడు వడ్రంగి. బస్టాపు ఎదురుగానే ఉండటంతో అలాంటివాళ్లు వస్తూనే ఉంటారు.

వచ్చినాయన కుర్చీలను చూడలేదు. వెనక గది తలుపు వంక చూశాడు. తర్వాత బల్ల మీది గిటారును చూశాడు.

"ఈ గుర్రాన్ని అతికించారేం?"

"అతికించకపోతే పడిపోదూ?"

"తీగల బిగువే నిలబెడుతుందండి. అటూ ఇటూ జరిపితేనే శ్రుతి దొరికేది. గుర్రాన్ని నేలకి అతికిస్తే నడుస్తుందా?"

తాతకు దగ్గులు నేర్పినట్టుంది వడ్రంగికి. అయినా మేక అరుపు గుర్తొచ్చి ఉలి తీశాడు. తీగలు వదులు చేసి, గుర్రాన్ని ఊడదీసి, జిగురంతా గీకేశాడు.

"కొంచెం ఎత్తు తగ్గించండి. రెండు వేళ్లతో నొక్కేవాడికి ఇంత ఎత్తు కష్టం," అన్నాడు కోటాయన.

వడ్రంగి గుర్రం అడుగును గరుకు కాగితం మీద రుద్దాడు. తీగల కింద నిలబెట్టాడు.

"ఇప్పుడు మరలు తిప్పి తీగలు బిగించండి. పెట్టె కదలకుండా మీరే పట్టుకోండి. ఆ తీగ మీరే మీటండి."

వడ్రంగికి ఒళ్లు మండింది.

"అన్నీ నేనే చెయ్యాలా? ఆ చెయ్యి బయటికి తీస్తే అరిగిపోతుందా?"

కోటాయన నవ్వాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. కుడిచేతి వేలితో గుర్రాన్ని వెంట్రుకవాసి జరిపాడు.

"తీగ ఊరికే మీటండి. ఇప్పుడు మధ్య మెట్టు మీద నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో రావాలి."

రాలేదు. ఇంకొంచెం జరిపాడు. మళ్లీ మీటాడు వడ్రంగి.

ఈసారి వచ్చింది. వడ్రంగి అనుమానం తీరక ఇంకోసారి మీటాడు. మళ్లీ వచ్చింది.

వెనక గదిలో మంచం కిర్రుమంది.

ఆ చప్పుడు విని కోటాయన సంచి సర్దుకున్నాడు.

"వెళ్లొస్తానండి. బస్సు వచ్చేసింది."

"టీ తాగి వెళ్లండి," అన్నాడు వడ్రంగి. కసురుకున్నందుకు అప్పటికే సిగ్గుగా ఉంది.

"ఇంకోసారి తాగుతాలెండి."

ఆయన రోడ్డు దాటుతుండగా అన్న తలుపు తీసుకుని వచ్చాడు. గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు తీగల మీద ఆనించాడు. నెమ్మదిగా ఒక పాత వరస వాయించాడు.

తమ్ముడు ఆనందం పట్టలేక చేతిలోని ఉలి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"నొక్కడం తేలిగ్గా ఉందిరా. ఎత్తు తగ్గించాలని నీకెలా తట్టింది?"

"నాకెక్కడ తడుతుంది? ఇప్పుడే ఒకాయన వచ్చి చెప్పాడు. రెండు వేళ్లతో నొక్కేవాడికి కష్టమన్నాడు."

"నా వేళ్ల సంగతి చెప్పావా?"

వడ్రంగి ఆలోచించాడు. గిటారు ఎవరికో కూడా చెప్పలేదు.

"మనిషెలా ఉన్నాడు?" అన్నాడు అన్న.

"మంచివాడే. కాకపోతే దొరబాబు వరస. ఎడమచెయ్యి జేబులోంచి తియ్యడు, చాకిరీ అంతా నాచేత చేయించాడు. తీస్తే అరిగిపోతుందా అని అడిగాను కూడా."

అన్న గిటారు బల్ల మీద పెట్టి వీధిలోకి పరుగెత్తాడు. ప్రమాదం తర్వాత అతను వీధిలోకి రావడం అదే మొదలు.

బస్సు మలుపు తిరిగిపోయింది. స్టాపులో ఎవరూ లేరు.

"ఎవరన్నయ్యా ఆయన?" ఆయాసపడుతూ అడిగాడు తమ్ముడు.

"పేరు తెలీదురా. మొహం కూడా చూడలేదు, వేళ్లు తెగగానే స్పృహ తప్పింది నాకు." అన్న ఖాళీ రోడ్డు వంకే చూస్తున్నాడు. "ప్రెస్సు దిగుతుంటే ఎవరో తన ఎడమచెయ్యి లోపల పెట్టి నా చెయ్యి బయటికి తోశాడని తర్వాత చెప్పారు. నాకు రెండు వేళ్లతోనే సరిపోయింది. ఆయన జేబులో చెయ్యి లేదురా."